ఆవగింజ నుంచి ఆల్ఫా గీత దాకా: తొమ్మిదో తరగతి పరమాణువు ప్రాజెక్టు డైరీ

జులై: ఎందుకు మొదలుపెట్టానంటే

ఎలక్ట్రాన్‌కు ఋణావేశం, ప్రోటాన్‌కు ధనావేశం, న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ లేదు. ఈ మూడు వాక్యాలు పిల్లలకు పది నిమిషాల్లో వచ్చేస్తాయి. స్కూలు పరీక్షలో మార్కులూ వచ్చేస్తాయి. "కంటికి కనిపించని దాన్ని ఉందని ఎలా చెప్పారు?" అని అడిగితే మాత్రం క్లాసంతా ఒకటే జవాబు: "పుస్తకంలో ఉందండి." ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో ఆ ప్రశ్నకు పిల్లలు సొంతంగా సంపాదించుకున్న జవాబు ఉండాలని నా పట్టుదల. అందుకే పరమాణు నిర్మాణం పాఠాన్ని ప్రాజెక్టుగా నడుపుతున్నాను.

మాది భీమవరం పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ల్యాబ్ అంటే ఒక బీరువా, రెండు పొడుగు బల్లలు. కావలసిన సామాను చాలావరకు ఊళ్లోనే దొరికేది: గోలీలు, ప్లైవుడ్ ముక్క, పాత అక్వేరియం తొట్టె, థర్మోకోల్ పెట్టె. రొయ్యల వ్యాపారం ఉన్న చోట థర్మోకోల్ పెట్టెకు కొదవేముంది!

జులై చివర: గ్రౌండ్‌లో బంగారు పరమాణువు

ముందు కొలతల సంగతి తేల్చాలనుకున్నాను. పుస్తకంలో బొమ్మ చూస్తే మధ్యలో నిమ్మకాయంత కేంద్రకం, దాన్ని ఆనుకుని ఉంగరాల్లా కక్ష్యలు ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ బొమ్మే గీసి గీసి, పరమాణువు అంటే కిక్కిరిసిన వస్తువని పిల్లల మనసులో పడిపోయింది.

బంగారు పరమాణువు వ్యాసం సుమారు 2.9×10⁻¹⁰ మీటర్లు. దాని కేంద్రకం వ్యాసం సుమారు 1.4×10⁻¹⁴ మీటర్లు. భాగిస్తే ఇరవై వేల రెట్లకు కొంచెం పైన వస్తుంది. ఈ భాగహారం నేను చేయలేదు, బోర్డు మీద పిల్లలే చేశారు. ఘాతాంకాల లెక్క ఇంత ఇష్టంగా చేయడం నేను చూడలేదు. తర్వాత రెండు మిల్లీమీటర్ల ఆవగింజను తెల్లకాగితం మీద అంటించి గ్రౌండ్ మధ్యలో పెట్టాం. అది కేంద్రకం అయితే పరమాణువు అంచు ఇరవై మీటర్ల దూరంలో రావాలి. తాడు కొలిచి సున్నంతో వలయం గీస్తే కబడ్డీ కోర్టు మొత్తం లోపలే ఉండిపోయింది, ఇంకా చోటు మిగిలింది. అంచున నిలబడి చూస్తే కాగితం కనిపిస్తుంది గానీ గింజ కనిపించదు.

"బంగారంలో 79 ఎలక్ట్రాన్లు కదా, ఇప్పుడు 79 మందిమి ఎలక్ట్రాన్లలా గీత మీద నిలబడదామండి" అన్నారు పిల్లలు. వద్దన్నాను. వలయం మీద నిలబెడితే మళ్లీ ఆ ఉంగరాల బొమ్మే మనసులో పాతుకుపోతుంది. ఎలక్ట్రాన్లు ఈ వలయం లోపలంతా పరుచుకుని ఉంటాయని, గింజకు దగ్గర్లోనే ఎక్కువగా ఉంటాయని, ఒక్కోటి ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపలేమని చెప్పాను. ఎలక్ట్రాన్లు వలయాల్లో తిరుగుతాయని నీల్స్ బోర్ చెప్పిన కక్ష్యలు పాఠంలో ముందు వస్తాయి, వాటినీ నేర్పుతాను. అయితే అవి 1913 నాటి మెట్టు అని చెప్పే నేర్పుతాను.

ద్రవ్యరాశి లెక్క కూడా అక్కడే వేశాం. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్‌లో సుమారు 1836వ వంతు. 79 ఎలక్ట్రాన్లూ కలిపినా బంగారు పరమాణువు ద్రవ్యరాశిలో 0.02 శాతమే. మిగతా 99.98 శాతం ఆ గింజలోనే ఉంది. ఈ మాట విన్నాక ఒకమ్మాయి నడుచుకుంటూ వెళ్లి గింజ దగ్గర కూర్చుంది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉంది. నేను పిలవలేదు.

ఆగస్టు: గోలీల బల్ల

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కాబట్టి వివరంగా రాస్తాను, ఎవరైనా చేసుకోవచ్చు.

నేల మీద అట్టపరిచి, దాని మీద ఆరు గోలీలను మైనంతో అక్కడక్కడ అతికించాలి. ఎదుటి నుంచి చూస్తే ఒకదాని వెనక ఒకటి దాక్కోకూడదు. వాటిపైన ప్లైవుడ్ పలకను చెక్క పట్టీల మీద కొంచెం ఎత్తులో నిలిపి, ముందు గుడ్డ వేలాడదీయాలి. పిల్లలకు లోపల ఏముందో తెలియకూడదు. ముందువైపు 60 సెంటీమీటర్ల గీత గీసి, సెంటీమీటరుకు ఒక అంకె వేయాలి. గురి చూసి వదిలితే లెక్క పాడవుతుంది. అందుకని 1 నుంచి 60 వరకు చీటీలు రాసి డబ్బాలో వేశాం. ఏ అంకె వస్తే అక్కడి నుంచే గోలీ వదలాలి. వాలుగా పెట్టిన స్కేలు మీద నుంచి జారవిడిస్తే వేగం కూడా ఒకేలా ఉంటుంది.

ఒకరు చీటీ తీయడం, ఒకరు గోలీ వదలడం, ఒకరు అవతల పట్టుకోవడం, ఒకరు రాయడం. తగిలితే టక్కుమని చప్పుడు వస్తుంది, గోలీ పక్కకు తిరిగి బయటికొస్తుంది. తగలకపోతే నేరుగా వచ్చేస్తుంది. ఒక గోలీ రెండింటికి తగిలితే ఒకటిగా రాయాలా రెండుగా రాయాలా అని పెద్ద గొడవ. దారి మళ్లిందా లేదా అన్నదే మనకు ముఖ్యం కాబట్టి ఒకటిగానే రాయాలని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. నేను నోరు విప్పలేదు.

ఇక లెక్క. వదిలిన గోలీ మధ్యబిందువు, లోపలి గోలీ మధ్యబిందువుకు ఒక గోలీ వ్యాసం కంటే దగ్గరగా వస్తే తగులుతుంది. అంటే ఒక్కో లోపలి గోలీ రెండు వ్యాసాలంత వెడల్పును కాపు కాస్తున్నట్టు. ఆరు గోలీలకు పన్నెండు వ్యాసాలు. తగిలిన నిష్పత్తి ఈ పన్నెండు వ్యాసాలను 60తో భాగిస్తే వచ్చే విలువకు దగ్గరగా ఉండాలి. మాకు 0.34 వచ్చింది. దాన్ని 60తో గుణించి 12తో భాగిస్తే వ్యాసం 1.7 సెంటీమీటర్లు. తర్వాత గుడ్డ తీసి వెర్నియర్‌తో కొలిస్తే 1.6.

క్లాసు అంతా గోలగోల. చూడకుండా, ముట్టుకోకుండా, వదిలినవి ఎన్ని, మళ్లినవి ఎన్ని అని లెక్కపెట్టినంత మాత్రాన లోపలి వస్తువు సైజు తెలిసిపోయింది! వాళ్ల ముఖాల్లో ఆ ఆనందం చూశాకే రూథర్‌ఫర్డ్ పేరు ఎత్తాను.

1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ చేసిందీ ఇలాంటి లెక్కపెట్టడమే. పలచటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలను (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి ఉన్న ధనావేశ కణాలు) వదిలి, ఎన్ని దారి మళ్లాయో, ఎన్ని వెనక్కి తిరిగాయో చూశారు. మార్స్‌డెన్ అప్పటికి ఇరవై ఏళ్ల విద్యార్థి. చీకటి గదిలో కళ్లు అలవాటు పడేదాకా కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణం పడ్డ ప్రతిసారీ వచ్చే చిన్న మెరుపును మైక్రోస్కోపులో చూసి ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఆ లెక్కలకు అర్థం చెబుతూ 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించాడు.

"మరి గోలీ లాగే ఆల్ఫా కణం కేంద్రకానికి టక్కున తగిలిందా అండి?" అని వెనక బెంచీ అబ్బాయి అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! తగలలేదు. రెండిటికీ ధనావేశమే కాబట్టి దగ్గరవుతున్న కొద్దీ వికర్షణ పెరిగి, నేరుగా వచ్చిన కణం కూడా సుమారు 3×10⁻¹⁴ మీటర్ల దూరంలోనే ఆగి వెనక్కి తిరుగుతుంది. గ్రౌండ్‌లో మేం వాడిన కొలతలో అది ఆవగింజ మధ్య నుంచి దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. ఆ కొలతలో ఆల్ఫా కణం అరమిల్లీమీటరు రవ్వ పలుకు. ముట్టుకోకుండా తోసేయడం ఎలా ఉంటుందో చూపడానికి పాత స్పీకర్ల నుంచి తీసిన ఉంగరం అయస్కాంతాలు రెండు తీసుకున్నాం. ఒకదాన్ని దారానికి కట్టి, రెండోదాన్ని బల్ల మీద సజాతి ధ్రువం పైకి ఉండేలా పెట్టి ఊపాం. దారం ఊగి ఊగి దాని దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుంటుంది. గోలీల బల్ల చేశాక ఇది కూడా తప్పక చేయించాలి. లేకపోతే ఢీకొట్టుకోవడమే మనసులో ఉండిపోతుంది.

ఆగస్టు చివర: ఒకే ప్రయోగం, మూడు అంకెలు

ఒకమ్మాయి వాళ్ల అక్క పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పట్టుకొచ్చింది. అందులో వెనక్కి తిరిగిన ఆల్ఫా కణాలు సుమారు 20,000లో ఒకటి అని ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో 12,000లో ఒకటి. 1909 నాటి గైగర్, మార్స్‌డెన్ వ్యాసంలో ప్లాటినం రేకుకు 8,000లో ఒకటి అని ఉంటుంది. "ఏది కరెక్టండి?"

గోలీల బల్ల దగ్గరకే తీసుకెళ్లాను. ఆరు గోలీలకు బదులు మూడే ఉంటే? వదిలే గోలీ చిన్నదైతే? నిష్పత్తి మారుతుందని వెంటనే చెప్పేశారు. అక్కడా అంతే. ఏ లోహం, రేకు ఎంత మందం, కణాల వేగం ఎంత, వీటిని బట్టి అంకె మారుతుంది. పరీక్షలో మీ పుస్తకంలోని అంకె రాయండి, కానీ ఆ అంకె ప్రకృతి నియమం కాదని గుర్తుంచుకోండి అన్నాను. ఏటా నిర్దాక్షిణ్యంగా బట్టీపట్టే అంకె ఇది. దాని వెనకున్న రేకునూ మందాన్నీ ఒక్కసారైనా ప్రస్తావించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సెప్టెంబరు: సీడీ వర్ణపటం

ఇది అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా రాస్తాను. పాత సీడీ ముక్క, అట్టపెట్టె, సన్నని చీలిక. చీలికలోంచి వచ్చిన వెలుతురును సీడీ రంగులుగా విడదీస్తుంది. గ్యాస్ పొయ్యి మంటలో ఉప్పు చల్లి చూస్తే 589 నానోమీటర్ల దగ్గర పసుపు గీత. స్విచ్ బోర్డు టెస్టర్‌లోని నియాన్ బల్బును చూస్తే నారింజ, ఎరుపు గీతల గుంపు. ఎల్ఈడీ బల్బులో గీతలు లేకుండా రంగులు కలిసిపోయి ఉంటాయి. ఎలక్ట్రాన్లకు ఏ శక్తి పడితే ఆ శక్తి ఉండదు, కొన్ని మెట్లే ఉంటాయన్న మాటకు ఇదే సాక్ష్యం. పిల్లలు తమ పెట్టెలను ఇంటికి పట్టుకెళ్లి వినాయక చవితి పందిరి లైట్లన్నీ చూసొచ్చారు.

కార్తీకం: మేఘపు గది

క్లౌడ్ ఛాంబర్, అంటే కణాలు వెళ్లిన జాడలను కంటికి చూపించే మేఘపు గది, చేయాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉంది. అడ్డమల్లా డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్). అది ఇప్పుడు మా ఊళ్లోకి పెళ్లిళ్లతో పాటే వస్తోంది. వధూవరుల కాళ్ల దగ్గర తెల్లటి పొగ తెప్పించే ఈవెంట్ డెకరేషన్ వాళ్లు తెప్పిస్తారు. కార్తీకంలో ముహూర్తాలు మొదలవగానే వాళ్లతో మాట్లాడి, మిగిలిన ముక్కలు థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకున్నాం.

రెండోది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ). మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లు కలిసి ఉంటాయి, పనికిరాదు. మొబైల్ రిపేర్ షాపుల్లో బోర్డులు తుడిచే ఐపీఏ 99 శాతం పైన ఉంటుంది. అదే వాడాం.

తొట్టెను బోర్లించినప్పుడు పైన వచ్చే భాగంలో ఫెల్ట్ గుడ్డ ఉండాలి. జిగురుతో అంటిస్తే ఆల్కహాల్‌కు కరిగిపోతుంది కాబట్టి లోపల ఒకటి, బయట ఒకటి చిన్న అయస్కాంతాలు పెట్టి గుడ్డను నిలిపాం. గుడ్డను ఐపీఏతో తడిపి, నల్లరంగు వేసిన అల్యూమినియం పళ్లెం మీద తొట్టెను బోర్లించి, అంచు చుట్టూ పిల్లలు ఆడుకునే క్లే అద్దాం. పళ్లెం కింద పొడిగొట్టిన డ్రై ఐస్. పక్కనుంచి ఎల్ఈడీ టార్చి. కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి, పరదాలు వేసుకోవచ్చు. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టనివ్వలేదు. మూత బిగించిన సీసాలో ఎప్పుడూ పెట్టకూడదు, పేలుతుంది. ఐపీఏ ఉన్న గదిలో అగ్గిపుల్ల గీయకూడదు.

పైన ఆవిరైన ఆల్కహాల్ కిందికి దిగి పళ్లెం దగ్గర విపరీతంగా చల్లబడుతుంది. ద్రవంగా మారడానికి సిద్ధంగా ఉంటుంది, ఒక ఊతం దొరికితే చాలు. ఆవేశమున్న కణం గాలిలో దూసుకెళ్తూ దారిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అలా పుట్టిన అయాన్ల మీద ఆల్కహాల్ చుక్కలు కడతాయి. ఈ ఆలోచన సి.టి.ఆర్. విల్సన్ అనే శాస్త్రవేత్తది. 1911లో కణాల జాడలు చూశాడు, 1927లో నోబెల్ వచ్చింది. ఆయన గది పనిచేసే తీరు వేరు, గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసి చల్లబరిచేవాడు. మా దానిలో ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

మొదట పావుగంట సన్నని జల్లు తప్ప ఏమీ లేదు. పిల్లలు గుసగుసలు మానేశారు. తర్వాత ఎడమ మూల నుంచి పొట్టిగా, లావుగా, తెల్లటి గీత ఒకటి పుట్టి, రెండు క్షణాలు నిలిచి, వంకరపోయి, కిందికి దిగి చెదిరిపోయింది. "అదిగో!" అని ఎవరో అరిచారు. ఇక ఆగలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి.

నోటుబుక్కులో మూడు రకాలుగా వేరు చేసి బొమ్మలు గీయించాను. పొట్టిగా, లావుగా ఉన్నవి ఆల్ఫా కణాలవి. మెలికలు తిరుగుతూ సన్నగా పోయేవి ఎలక్ట్రాన్లవి. తేలికైనవి కాబట్టి ప్రతి ఢీకీ దారి తప్పుతాయి. సన్నగా, నిటారుగా, తొట్టె ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోయేవి ఎక్కువగా మ్యూయాన్లవి.

"మూడే కణాలన్నారు కదండి మేడమ్, ఈ మ్యూయాన్ ఎక్కడిది?" పరమాణువు కట్టడానికి ఆ మూడు చాలు, ప్రపంచంలో ఉన్నవి మాత్రం మూడే కావు అని చెప్పాను. ఇది ఎలక్ట్రాన్‌కు సుమారు 207 రెట్లు బరువు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు పైన వాతావరణాన్ని ఢీకొంటే పుడుతుంది. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరులోంచి నిమిషానికి సుమారు ఒకటి దూసుకుపోతుంది. అరచేయి చాచి ఉంచమన్నాను, మీ చేతిలోంచి ఇప్పుడూ పోతున్నాయని. అవి భూమి లోపలికి ఎంత లోతు పోతాయో మన చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న కోలార్ బంగారు గనుల్లో కొలిచారు. 1965లో అక్కడే, రెండు కిలోమీటర్లకు పైగా లోతులో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల (ఆవేశం లేని, దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే కణాల) జాడ కూడా పట్టుకున్నారు.

ఆల్ఫా గీతలు ఎక్కువ రావడానికి బెలూన్ పద్ధతి బాగా పనిచేసింది. రబ్బరు బెలూన్‌ను ఊది, జుట్టుకు రుద్ది, గాలి ఆడని స్టోర్‌రూమ్‌లో అరగంటకు పైగా వేలాడదీశాం. నేలలోని యురేనియం నుంచి వచ్చే రాడాన్ వాయువు గాలిలో ఎప్పుడూ కాస్త ఉంటుంది. అది విఘటనం చెందగా మిగిలిన పరమాణువులు ఆవేశమున్న రబ్బరు మీద చేరతాయి. గాలి తీసేసి ఆ రబ్బరును పళ్లెం మీద పెట్టి తొట్టె మూస్తే, కాసేపటికి దాని నుంచి నలువైపులా లావు గీతలు. ఒక ఆల్ఫా కణం ఆగిపోయేలోపు గాలిలో లక్షన్నరకు పైగా అయాను జతలను పుట్టిస్తుంది. అంత దట్టంగా ఉండబట్టే అంత లావు. గంట గడిచేసరికి గీతలు పలచబడ్డాయి. అర్ధజీవిత కాలం (ఉన్న పరమాణువుల్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం) అన్న మాట వాళ్లు పై తరగతిలో చదువుతారు, దాన్ని ఇప్పుడే కంటితో చూసేశారు.

ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది: ఈ గీత కణం కాదు. కణం ఎప్పుడో వెళ్లిపోయింది. మనం చూస్తున్నది అది పుట్టించిన అయాన్ల మీద కట్టిన చుక్కల్ని.

డిసెంబరు: జాడ వదలని కణం

"న్యూట్రాన్ గీత ఎలా ఉంటుందండి?" అని మేఘపు గది దగ్గరే అడిగారు. ఉండదు. ఆవేశం లేదు, ఎలక్ట్రాన్లను ఊడగొట్టలేదు, గీత రాదు. "మరి ఎలా తెలిసింది?" అని అడిగేదాకా ఆగి, ఆ రోజు నుంచి దీని మీదే కూర్చున్నాం.

1932లో జేమ్స్ చాడ్విక్ అనే శాస్త్రవేత్త, పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలతో బెరీలియంను కొట్టించాడు. దాని నుంచి వచ్చే ఏదో కిరణం మైనంలోని ప్రోటాన్లను వేగంగా బయటికి నెడుతోంది. నైట్రోజన్‌నూ నెడుతోంది. ప్రోటాన్ల గరిష్ఠ వేగం సెకనుకు 3.3×10⁷ మీటర్లు. నైట్రోజన్‌కు 4.7×10⁶ మీటర్లు. ఈ రెండో అంకె ఫెదర్ అనే శాస్త్రవేత్త మేఘపు గదిలో నైట్రోజన్ కేంద్రకాల జాడలు కొలిచి ఇచ్చినది. అంటే న్యూట్రాన్‌కు గీత లేకపోయినా, అది తన్నిన వాటికి గీత ఉంది!

ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు, కదలకుండా ఉన్న వస్తువుకు వచ్చే వేగం 2ఎంవీ/(ఎం+మ). ఇక్కడ ఎం వచ్చే కణం ద్రవ్యరాశి, మ తన్నులు తిన్నదాని ద్రవ్యరాశి, వీ ఆ వచ్చే కణం వేగం. వీ మనకు తెలియదు. కానీ హైడ్రోజన్ (ప్రోటాన్ అంటే హైడ్రోజన్ కేంద్రకమే) వేగాన్ని నైట్రోజన్ వేగంతో భాగిస్తే వీ కొట్టుకుపోతుంది. హైడ్రోజన్ ద్రవ్యరాశి 1, నైట్రోజన్‌ది 14 అని పెడితే, (ఎం+14)/(ఎం+1) = 33/4.7 అని మిగులుతుంది. ఇది తొమ్మిదో తరగతి సమీకరణమే. బోర్డు దగ్గరకు ఒకబ్బాయి వచ్చి చేస్తే 1.16 వచ్చింది. చాడ్విక్ తన వ్యాసంలో 1.15 అని రాశాడు. ఇప్పటి విలువ 1.0087. ప్రపంచానికి న్యూట్రాన్‌ను చూపించిన లెక్కను మా ఊరి పిల్లవాడు సుద్దముక్కతో చేశాడు. ఆ బోర్డును ఆ రోజంతా ఎవరినీ తుడవనివ్వలేదు.

మన వాళ్ల సంగతి కూడా చెప్పాను. ఈ చాడ్విక్ తర్వాత లివర్‌పూల్ వెళ్లాడు. అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసినవారిలో స్వామి జ్ఞానానంద ఒకరు. పుట్టింది మా భీమవరం దగ్గరి గొరగనమూడిలో. తిరిగొచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. గొరగనమూడి నుంచి మా స్కూలుకు వచ్చే పిల్లలు ఇద్దరున్నారు, వాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇక మిగిలింది గోలీల కాలువ. రెండు స్కేళ్లను సమాంతరంగా అతికించి చేసిన దారిలో ఒక గోలీతో అంతే బరువున్న గోలీని కొట్టిస్తే, వచ్చింది దాదాపు ఆగిపోయి నిలబడ్డది పరుగెడుతుంది. పెద్ద గోలీని కొట్టిస్తే అది మెల్లగా కదులుతుంది, వచ్చింది వెనక్కి మళ్లుతుంది. సెల్‌ఫోన్ స్లో మోషన్ వీడియోలో సెంటీమీటర్ల లెక్కన వేగాలు తీసి, పై సమీకరణంతోనే వదిలిన గోలీ బరువు కట్టాలని ప్లాన్. తూకం వేయకుండా బరువు రావాలి. గోలీ దొర్లుతుంది కాబట్టి లెక్క కొంచెం తేడా రావచ్చు, అందుకని నున్నటి క్యారమ్ బోర్డు మీద కాయిన్లతో కూడా చేసి రెండూ పోల్చుతాం. వేరే బరువున్న స్ట్రైకర్ ఎలాగూ ఉంది. సంక్రాంతి సెలవులు అయ్యాక ఆ లెక్కలు ఇక్కడే రాస్తాను.